నా వెన్నెముక మీద ఉమ్మడి హక్కులు

మేముంటున్న ఫ్లాటు నా పేరున ఉంది. కరెంటు మీటరు నా పేరునే ఉంది. గ్యాసు కనెక్షన్ మా ఆవిడ పేరున ఉంది. నా వెన్నెముక మాత్రం ఎవరి పేరున ఉందో ఇప్పటిదాకా తేలలేదు. దాని మీద మా ఆవిడకి హక్కుంది, మా అమ్మాయికి హక్కుంది, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి హక్కుంది. లిఫ్టులో కలిసే ఎదురు ఫ్లాటాయనకి కూడా ఎంతో కొంత వాటా ఉన్నట్టే కనిపిస్తోంది. దాన్ని పుట్టిన దగ్గర్నుంచీ మోస్తున్న నాకు తప్ప అందరికీ హక్కుంది.

"నడుం నిలబెట్టి కూర్చోండి" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి. అక్కణ్నుంచి నేను ఆవిడకి కనిపించను. మధ్యలో గోడ ఉంది, ఫ్రిజ్ ఉంది. అయినా అంటుంది. ఎప్పుడన్నా ఆ సమయానికి నేను వంగే ఉంటాను కాబట్టి ఆవిడ గురి ఇంతవరకూ తప్పలేదు. "భుజాలు వెనక్కి, నాన్నా" అంటుంది అమ్మాయి, నా వైపు చూడకుండానే హాల్లోంచి గదిలోకి పోతూ. అబ్బాయి ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. ఫోను నా ఒళ్లో ఉంటుంది కాబట్టి వాడికి నా ముక్కు పుటాలూ, గడ్డం కింద ఉన్న రెండో గడ్డమూ మాత్రమే కనిపిస్తాయి. సముద్రాలవతల నుంచి వాడడిగే మొదటి మాట "ఎలా ఉన్నావు" అని కాదు. "ఫోను ఎత్తి పట్టుకో నాన్నా, నీ మెడ ఎలా ఉందో చూసుకో" అని. నా మెడ నేనెలా చూసుకుంటాను?

ఇది ఫిర్యాదు. సరదాకి రాసిందనుకుని ఎవరూ నవ్వవద్దని మనవి.

ఈ ఉపద్రవమంతా మా అమ్మాయి ఫిజియోథెరపీ కోర్సులో చేరినప్పుడు మొదలైంది. మొదటి రెండేళ్లూ పుస్తకాలతో సరిపెట్టుకుంది. మూడో ఏడు వచ్చేసరికి వాళ్లకి మనుషులు కావాలి. ఇంట్లో తేరగా దొరికే మనిషిని నేనే. ఒకరోజు గుమ్మానికి తోరణం కట్టే మేకుంది చూడండి, దానికి ఒక దారం కట్టి, ఆ దారం చివర బీరువా తాళంచెవి వేలాడదీసింది. దాని పక్కన నన్ను నిలబెట్టింది. పక్కనుంచి చూస్తే చెవి తమ్మె, భుజం, తుంటి, మోకాలు, చీలమండకి కాస్త ముందు భాగం, ఇవన్నీ ఆ దారం మీదికే రావాలట. తాళంచెవి నా చీలమండ దగ్గర బుద్ధిగానే ఊగింది. పైకి వెళ్లేకొద్దీ నాకూ దారానికీ సంబంధం తెగిపోతూ వచ్చింది. చెవి దగ్గరికొచ్చేసరికి దారం ఒక ఊళ్లో, నేను ఒక ఊళ్లో. నాలుగు వేళ్ల మేర ముందుకు పోయింది నా చెవి. దాన్ని ఫొటో తీసి, ఎర్ర గీత గీసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా బావమరిది బొటనవేలు గుర్తు పెట్టాడు. దేన్ని మెచ్చుకున్నాడో నేనడగలేదు.

అసలు నేను పుట్టుకతో వంగినవాణ్ని కాను. నన్ను వంచారు. బడిలో మాస్టారి ముందు నిటారుగా నిలబడితే పొగరన్నారు. చేతులు కట్టుకుని తల దించితే బుద్ధిమంతుడన్నారు. ఇంటికి పెద్దవాళ్లొస్తే వంగి దణ్ణం పెట్టమన్నారు. రొమ్ము విరుచుకుని వీధిలో నడిచే కుర్రాణ్ని చూసి "వీడికి కొవ్వెక్కింది" అన్నారు. ఉద్యోగంలో చేరాక పెద్దసారు గదిలోకి ఎవరు ఎంత వంగి వెళ్తే వాళ్లకి అంత తొందరగా సెలవు మంజూరయ్యేది. ఇన్నేళ్లు అందరూ కలిసి, ఒక్క రోజు కూడా విసుక్కోకుండా వంచిన నడుముని ఇప్పుడు పదవీ విరమణకి ముందు, హఠాత్తుగా, "ఏవిటా కూర్చోవడం?" అని నిలదీస్తే అది దేనికి జవాబు చెబుతుంది?

బడి సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎక్కం తప్పినా, ఆలస్యంగా వెళ్లినా మా మాస్టారు గోడకుర్చీ వేయించేవారు. వీపు గోడకి ఆనించి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు, తొడలు వణికేదాకా ఉండాలి. అది చాలదనుకుంటే గుంజీలు. మొన్న నడుం పట్టేసిందని ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కి వెళ్తే వాళ్లు కాగితం మీద రాసిచ్చినవి సరిగ్గా ఆ రెండే. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, అంతే తేడా. మా కాలంలో తప్పు చేసినవాడికి ఉచితంగా దొరికే వైద్యాన్ని ఇప్పుడు సిట్టింగుకి ఐదొందలు పెట్టి కొంటున్నాను. మా మాస్టారు బతికుంటే ఆ రేటు లెక్కన ఎంత గడించి ఉండేవారో.

వాటికి తోడు గడ్డం లోపలికి లాగడం అని ఒకటుంది. తల వంచకూడదు, ఎత్తకూడదు. ఉన్నచోటే ఉంచి, సొరుగు మూసినట్టు వెనక్కి నెట్టాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. ఎక్కడైనా చెయ్యొచ్చని అమ్మాయి అంది కదా అని లిఫ్టులో చేస్తుంటే ఎదురు ఫ్లాటాయన కాసేపు చూసి, "మాత్ర అడ్డం పడిందాండీ?" అని వీపు మీద చరిచాడు. వాటా ఉందన్నది ఇందుకే.

శత్రువు బలం తెలుసుకోవాలి గనక అమ్మాయి లేనప్పుడు వాళ్ల పుస్తకాలు తిరగేశాను. మనిషి వెన్నులో 33 పూసలు. మెడలో 7, వీపులో 12, నడుములో 5. ఈ 24 కదులుతాయి. కింది తొమ్మిదీ పెద్దయ్యేసరికి అతుక్కుపోయి రెండు ముక్కలవుతాయి. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే పక్కనుంచి తీసిన బొమ్మ చూస్తే ఏముంది! మెడ దగ్గర ముందుకి వంపు, వీపు దగ్గర వెనక్కి వంపు, నడుం దగ్గర మళ్లీ ముందుకి వంపు. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాడి వెన్నెముక కూడా నిటారుగా లేదు. బ్రహ్మదేవుడు వంపులు పెట్టి పంపినదాన్ని నేను నిటారుగా పెట్టాలా? పుస్తకం పట్టుకెళ్లి అమ్మాయి ముందు పెట్టాను. "ఆ మూడు వంపుల్నీ ఉన్నవి ఉన్నట్టు కాపాడుకోవడాన్నే నిటారంటారు నాన్నా. నువ్వు మూడింటినీ కలిపి ఒకటి చేశావు" అంది. దీన్నే కన్నకూతురి చేతిలో ఓడిపోవడం అంటారు.

అయినా ఆ పుస్తకాల్లో నా పక్షాన మాట్లాడేవీ దొరికాయి. పూసకీ పూసకీ మధ్య మెత్తలుంటాయి కదా, పగలంతా బరువు మోసి మోసి వాటిలో నీరు కొంత పోయి అవి చదునవుతాయట. రాత్రి పడుకున్నాక ఆ నీరు మళ్లీ చేరుతుంది. అందువల్ల పొద్దున లేచినప్పుడున్న ఎత్తు సాయంత్రానికి సెంటీమీటరో, అంతకన్నా కాస్త ఎక్కువో తగ్గుతుంది. పొద్దుపోయేసరికి కుంగిపోతున్నానని నేను ఎన్నాళ్లుగానో మొత్తుకుంటుంటే మా ఇంట్లో నాటకమన్నారు. ఇంకోటి వినండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2020 నాటికి నడుం నొప్పితో ఉన్నవాళ్లు 61.9 కోట్ల మంది. అలాంటి కేసుల్లో పదింట దాదాపు తొమ్మిదింటికి, ఇదిగో ఇదీ కారణమని వైద్యులు వేలు పెట్టి చూపించలేరు. మా ఇంట్లో మాత్రం స్కానింగ్ అక్కర్లేకుండానే కారణం తేల్చేశారు. నేనే.

ఇక మెడ. తల బరువు ఐదు కేజీల దాకా ఉంటుంది. 2014లో హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక వైద్యుడు ఒక లెక్క కట్టాడు. తల నిటారుగా ఉన్నప్పుడు మెడ మీద ఆ ఐదు కేజీలే, 60 డిగ్రీలు వంచితే 27 కేజీలని. మా వీధి కొట్లో బియ్యం బస్తా 26 కేజీలు. (2022లో 25 కేజీల దాకా ఉన్న ప్యాకెట్లకి జీఎస్టీ వేస్తే, మిల్లువాళ్లు ఇంకో కేజీ పోసి తప్పించుకున్నారు. తెలివంటే అదీ.) అంటే నేను ఒళ్లో ఫోను పెట్టుకుని వాట్సాప్ చదివినంతసేపూ మెడ మీద బియ్యం బస్తా మోస్తున్నట్టు లెక్క. ఈ మాట మా ఆవిడ చెవిన పడింది. అప్పట్నుంచి కొట్టుకి వెళ్లినప్పుడల్లా "ఎలాగూ అలవాటే కదా" అని బస్తా నా చేతే మోయిస్తోంది. హన్స్‌రాజ్ కట్టింది కంప్యూటర్ లెక్క, ఎవరి మెడనీ కాటా మీద పెట్టి తూచింది కాదని నేను తెలుసుకునేసరికి ఆలస్యమైపోయింది.

నేను వంగుతున్నాను సరే, ఈ ఇల్లు నన్ను నిటారుగా ఉండనిస్తుందేమో ఎవరైనా చూశారా? హాల్లో టీవీ బిగించిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద ఉన్నాడు. తన కళ్ల ఎత్తు చూసుకుని బిగించాడు. అది చూడాలంటే గోపురం చూసినట్టు తలెత్తాలి. గదిలో లాప్‌టాప్ చూడాలంటే తల దించాలి. అందులో తెరా, మీటలూ ఒకదానికొకటి అతికించి చేశారు. తెర కళ్లెదురుగా పెడితే చేతులు గాల్లో ఉంటాయి, చేతులు బల్ల మీద పెడితే మెడ పోతుంది. ఏదో ఒకటి నువ్వే తేల్చుకొమ్మని కంపెనీవాడు వదిలేశాడు. సోఫా లోతెంతంటే వీపు ఆనితే పాదాలు నేలకి ఆనవు, పాదాలు ఆనితే వీపు ఆనదు. వంటగట్టు మేస్త్రీ తన ఎత్తుకి కట్టాడు. మా ఆవిడ అట్లు పోసేటప్పుడు భుజాలు చెవుల దాకా లేస్తాయి, అప్పుడు ఆవిడకి నిటారు గుర్తుకు రాదు. గుర్తు చేశాను ఒకసారి. ఆ పూట అట్లు నేనే పోసుకున్నాను.

వీధిలో మటుకు ఏముంది? షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద, సగం గాలి మీద, ఒక చెయ్యి కమ్మీకి వేలాడుతూ ప్రయాణం చేసేవాణ్ని ఏ దారం పక్కన నిలబెడతారు? మా కాలనీ స్పీడ్ బ్రేకర్ల దగ్గర స్కూటరు వేగం తగ్గుతుందో లేదో కానీ, మెత్తల్లో మిగిలిన నీరు కూడా అక్కడే కారిపోతోందని నా అనుమానం. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చోవద్దని, ఒక పక్కకి ఒరిగిపోతావని అమ్మాయి దాన్ని లాక్కుంది. తెరిచి చూస్తే డబ్బు లేదు. పాత బిల్లులు, వెంకటేశ్వరస్వామి బొమ్మ, ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఆ ఫొటోల్లో నేను నిటారుగానే ఉన్నాను.

ఇక అసలు నేరానికి వస్తాను.

మా నాన్నగారికి ఒక పడక కుర్చీ ఉండేది. టేకు కర్ర. చేతులు పట్టుకునే చోట నున్నబడి, చెక్క నల్లగా మెరిసేది. చారల కాన్వాసు గుడ్డకి రెండు చివరలా గొట్టంలా కుట్టిన మడతలు, వాటిలోంచి దూర్చే రెండు కర్రలు. గుడ్డ ఉతికిన రోజున ఆ కర్రలు తిరిగి ఎక్కించడం నా పని. వేలు ఇరుక్కోకుండా ఎప్పుడూ ఎక్కలేదు. వెనకాల మూడు గాళ్లు. మొదటి గాడి పేపరుకి, రెండోది వచ్చినవాళ్లతో మాట్లాడ్డానికి, మూడోది మధ్యాహ్నం కునుక్కి. మా ఇంట్లో మిగతా ఏ వస్తువూ మా నాన్నగారి మనసుని అంత బాగా అర్థం చేసుకోలేదు. ఆ కుర్చీని, నేను ఆఫీసులో ఉన్న సమయం చూసి, పాత సామాన్లవాడికి ఇచ్చేసి ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నారు. దాని స్థానంలో 22 వేలు పోసి ఒక కుర్చీ కొన్నారు. వీపుకి ఒక మీట, ఎత్తుకి ఒక మీట, నడుం దగ్గర ఉబ్బెత్తుకి ఒక చక్రం, తలకి వేరే దిమ్మ. ఏ మీట దేనికో కూర్చున్నాక కనిపించదు. తప్పు మీట లాగితే టీ కప్పుతో సహా కిందికి దిగిపోతాను.

ఇప్పుడు వినండి శాస్త్రం. స్వీడన్‌లో నాకెమ్సన్ అనే వైద్యుడు 1960ల నుంచి మనుషుల వెన్ను మెత్తల్లోకి సూది దించి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటి కన్నా కూర్చున్నప్పుడే ఒత్తిడి ఎక్కువన్నాడు. లోకమంతా కుర్చీ అంటే భయపడింది. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒకే ఒక్క మనిషి వెన్నులో పరికరం పెట్టి మళ్లీ కొలిచింది. కుర్చీలో హాయిగా వెనక్కి వాలి కూర్చుంటే నిలబడినప్పటి కన్నా తక్కువేనని తేలింది. 2006లో స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో 22 మందిని రకరకాలుగా కూర్చోబెట్టి స్కానింగ్ తీశారు. మెత్తలు ఎక్కువ కదిలిపోయింది 90 డిగ్రీల్లో బిగదీసుకుని కూర్చున్నప్పుడు. అన్నిటికన్నా మెరుగని తేలింది వెనక్కి వాలి, తొడకీ వీపుకీ మధ్య 135 డిగ్రీలు ఉన్నప్పుడు. నేను మా నాన్నగారి పాత ఫొటో తీసి, జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి కొలిచాను. రెండో గాడి, ఇంచుమించు 135. స్కాట్లండ్‌వాళ్లు యంత్రాలు పెట్టి కనుక్కున్నది మా ఊరి వడ్రంగి ఉలితో ఎప్పుడో చెక్కి పెట్టాడు. దాన్నే టబ్బుకి అమ్మారు.

"ఆ గుడ్డ కుర్చీలో నడుం కిందికి ఆధారం ఉండదు, ముద్దయిపోతుంది. పైగా అందులో కూర్చుని ఎవరూ కంప్యూటర్ పని చెయ్యలేరు" అంది అమ్మాయి.

"చేస్తానని నేనన్నానా?" అన్నాను.

పరుపు సంగతి క్లుప్తంగా చెబుతాను. నడుం నొప్పంటే బల్లచెక్క మీద పడుకోమని వైద్యులు చెప్పిన కాలంలో మా నాన్నగారు పడుకున్నారు. 2003లో స్పెయిన్ పరిశోధకులు మరీ గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదే నయమని లాన్సెట్ పత్రికలో రాశారు. ఈ సమాచారం ఆయనకి చేరవెయ్యడానికి ఇప్పుడు మార్గం లేదు.

పోయిన దసరాకి అబ్బాయి ఒక గడియారం పంపాడు. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే మణికట్టు మీద గుర్రుమని, లేచి నడవమంటుంది. గడియారానికి సందర్భం తెలియదు. మా ఆఫీసు మిత్రుడి ఇంటికి పరామర్శకి వెళ్లాను. వాళ్ల నాన్నగారు పోయారు. అందరూ తలలు దించుకుని చాపల మీద కూర్చున్నారు (ఆ ఒక్కచోట తల దించినందుకు నన్నెవరూ ఏమీ అనలేదు). మిత్రుడు కన్నీళ్లతో చివరి క్షణాలు చెబుతున్నాడు. గడియారం గుర్రుమంది. అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను. నేను వెళ్లిపోతున్నాననుకుని మిగతావాళ్లూ లేచారు. దాంతో పరామర్శ అక్కడితో ముగిసింది. ఆ మిత్రుడు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

నా వెన్ను మీద హక్కు అడగనిది మా అమ్మ ఒక్కతే. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. చిన్న పీట మీద గోడకి చేరబడకుండా కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తుంది. దారం కట్టి చూడాలని అమ్మాయి తహతహలాడింది కానీ ధైర్యం చాలలేదు. గొడవంతా విని అమ్మ ఒక్క మాటే అంది. "ఒరేయ్, మీ ఇంట్లో అన్నీ కూర్చున్నచోటికే వస్తాయి కదరా. ఇంక లేవడానికి పనేముంది?" నిజమే. ఆవిడ ఇంట్లో నీళ్లు నూతిలో ఉండేవి, జాడీలు అటక మీద, బట్టలు దండెం మీద, పొయ్యి నేల మీద. రోజుకి ఎన్నిసార్లు లేచి, వంగి, నిక్కి, గొంతుక్కూర్చునేదో ఏ గడియారమూ లెక్కపెట్టలేదు. అలాగని ఆ కాలం వాళ్ల నడుములన్నీ బాగున్నాయని నేననను. మా డెల్టాలో నాట్ల రోజుల్లో పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా బురదలో వంగిన ఆడకూలీలున్నారు, ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకి భుజాలు వెనక్కి పెట్టమని ఎవరూ చెప్పరు, 22 వేల కుర్చీ ఎవరూ అమ్మజూపరు. ఉచిత సలహాలన్నీ సోఫాలున్న ఇళ్లకే వస్తాయి.

అమ్మమ్మల మీదా నాయనమ్మల మీదా అమ్మాయికి గౌరవం ఎక్కువ. నాయనమ్మ మాట విన్నాక కాస్త మెత్తబడింది. "ఇదే సరైన భంగిమ అని ఒక్కటేం లేదు నాన్నా. ఎంత చక్కగా కూర్చున్నా గంటలకొద్దీ అలాగే ఉంటే నొప్పే. మారుస్తూ ఉండాలి, అంతే" అని ఒప్పుకుంది. ఈ ముక్క మొదటే చెప్పుంటే దారం, తాళంచెవి, ఫొటో, బావమరిది బొటనవేలు, ఇవేవీ అవసరం పడేవి కావు. మా ఆవిడకి మాత్రం ఈ తీర్పు ఇంకా అందలేదు. ఇది రాస్తుండగా కూడా వంటింట్లోంచి కేక వినిపించింది.

కనక పాఠకులకి ఒక విన్నపం. మీటలన్నీ పనిచేస్తున్న కొత్త కుర్చీ ఒకటి అమ్మకానికుంది. పడక కుర్చీ ఉన్నవాళ్లు మారకానికైనా రావచ్చు. టేకుదైతే సంతోషం, వేపదైనా సరే. గుడ్డ చిరిగినా ఫరవాలేదు, కుట్టించుకుంటాను. వెనక గాళ్లు మాత్రం మూడూ ఉండాలి. మధ్యాహ్నం రెండుకీ నాలుగుకీ మధ్య రండి. అప్పుడు అమ్మాయి కాలేజీలో ఉంటుంది, మా ఆవిడ నిద్రలో ఉంటుంది. కుర్చీ కిందికి మీరే దించుకోవాలి. నేను బరువులెత్తకూడదట.